పల్లమునందలి పొరుగువాడు

నీరు పల్లమెఱుగు, నిజము దేవుడెఱుగు అని మన పెద్దలు చెప్పుదురు. నిజమును గుఱించిన భాగమును వేదాంతులకు విడిచి, నీటిని గుఱించిన భాగమును మాత్రమే ఈ వ్యాసమున విచారింప దలచితిని. నీరు పల్లము నెఱుగుననుట సత్యము. కాని ఆ పల్లమున ఎవడు కాపురమున్నాడో, వాని చేను ఏ స్థితిలో నున్నదో, నీటికి తెలియదు. తెలియవలసినవాడు మెఱకనున్న మనుష్యుడు. వానికి తెలియునా? తెలిసినచో ఆ తెలివి వాని నడవడిని ఏ కొంచెమైనను మార్చునా?

ప్రశ్నను ఇంకను సూటిగా వేయవచ్చును. నా వంతు వచ్చినది. తూము నుండి బోదె ద్వారా నీరు నా చేనికి పాఱినది. నీటి తీరువ చెల్లించితిని. ఇక ఈ నీరు నాది. దానిని నేను ఎంత పెట్టుకొన్నను, ఎట్లు విడిచినను, అడుగుటకు పొరుగువానికి హక్కేమి? పరుల సొమ్ము ముట్టని మర్యాదస్థులే ఈ మాట అనుచున్నారు. రాత్రివేళ గట్టు తెగగొట్టి నీరు దొంగిలించువానిని ఖండించుట సులభము. దొంగ కాని ఈ పెద్దమనిషికి సమాధానము చెప్పుటయే కష్టము. కావుననే ఇది నీతివిచారమునకు తగిన విషయమని నా తలంపు.

మొదట మన ప్రాంతమును చూతము. కంచికచర్ల, నందిగామ, జగ్గయ్యపేట ప్రదేశమును జనులు కృష్ణా మెట్ట అందురు. 2022 ఏప్రిల్‌లో జిల్లాల పునర్విభజన జరిగి ఈ మండలములు ఎన్టీఆర్ జిల్లాలో చేరినవి గాని, పేరు మాఱినంత మాత్రమున మెట్ట పల్లము కాలేదు. ఇచ్చట విస్తారముగా నున్నది నల్లరేగడి. పత్తి, మిరప, కంది, మినుము పండును. కాగితపు మిల్లులకై పెంచు సుబాబుల్ తోటలు కొన్ని. నీరు దొరకిన చోట వరి. కీసర వద్ద రహదారి వంతెన క్రింద మునేరు పాఱుచున్నది. అది వానకాలమున ఊళ్లను భయపెట్టి, వేసవిలో ఇసుకయై మిగులును. పోలంపల్లి కడ దానిపై కట్టిన పాత ఆనకట్ట కొన్ని గ్రామములకే ఉపకరించినది. తక్కిన మెట్టకు చిరకాలము మేఘుడే దిక్కు.

ఈ కొఱతను తీర్పగోరి పాటుపడినవారిలో ముక్త్యాల రాజాగా ప్రసిద్ధి చెందిన వాసిరెడ్డి రామగోపాలకృష్ణ మహేశ్వరప్రసాదుగారు అగ్రగణ్యులు. కృష్ణానదికి నందికొండ వద్ద ఆనకట్ట రావలెనని వారు పట్టుబట్టిరి. 1952లో ఖోస్లా సంఘము వచ్చి స్థలమును పరిశీలించి అనుకూలముగా చెప్పినది. 1955 డిసెంబరు 10వ తేదీన జవహర్‌లాల్ నెహ్రూ శంకుస్థాపన చేసిరి. 1967 ఆగస్టు 4వ తేదీన ఇందిరాగాంధీ కాలువలకు నీరు విడిచిరి. నందికొండ నాగార్జునసాగరమైనది. ఎడమ కాలువ నల్లగొండ, ఖమ్మము ప్రాంతములను తడుపుచు వచ్చి వచ్చి, కృష్ణా మెట్టను చేరి ముగియును. ముగియును అను మాటలోనే మన కష్టమంతయు ఉన్నది. మనము చివరి భూములవారము. 2014 జూన్ 2వ తేదీన రాష్ట్రవిభజన జరిగిన పిమ్మట కాలువ మొదలు ఒక రాష్ట్రములోను, చివర మఱియొక రాష్ట్రములోను నిలిచినవి.

ఈ ప్రాజెక్టును ఏర్పఱచినవారు నీరంతయు వరికే యని తలంపలేదు. ఆయకట్టులో కొంత భూమిని మాగాణిగను, కొంత భూమిని ఆరుతడిగను నిర్ణయించిరి. ఆరుతడి పైరునకు వరికి పట్టు నీటిలో కొంత భాగమే చాలును గనుక, ఉన్న నీరు ఎక్కువ భూమికి అందునని వారి లెక్క. కాగితముమీద లెక్క సరిగానే కుదిరినది. చేలలో కుదరలేదు. తూమునకు దగ్గఱనున్నవాడు ఆరుతడి భూమిలోను వరి నాటెను. వానిని చూచి ప్రక్కవాడు నాటెను. మొదటివాని మడిలో నీరు జానెడు నిలిచియుండగా చివరివాని పత్తి చేను నెఱ్ఱెలు విచ్చినది. చివరి భూములకు నీరందలేదను మొఱ్ఱ ఆనాటి నుండి ఈనాటి వఱకు ఆగలేదు. ఆ మొఱ్ఱ న్యాయమైనది. దానిని తక్కువచేయుట నా యుద్దేశము కాదు.

అయితే ఈ మొఱ్ఱ పెట్టుకొనునపుడు మన ముఖము ఎల్లప్పుడును ఎగువకే తిరిగియుండును. ఒక్కసారి దిగువకు త్రిప్పి చూతము. మన చేలనుండి జాఱిన నీరు ఎక్కడకు పోవుచున్నది? వాగులలో పడి, మునేటిలో కలసి, కృష్ణను చేరుచున్నది. ఆ కృష్ణ విజయవాడ వద్ద ప్రకాశం బ్యారేజీ నుండి డెల్టా కాలువలలోనికి పోవుచున్నది. అచ్చట 1855లో ఆంగ్లేయుల ఆనకట్ట పూర్తియైనది. అది 1952లో తెగిపోగా, 1957 నాటికి బ్యారేజీ నిలిచినది. అనగా సాగరపు కాలువకు మనము చివర. డెల్టాకు మనము మొదలు. నల్లగొండ రైతు మనకు ఏమగునో, దివిసీమ రైతునకు మనమదే. ఆవలి హైదరాబాదు మహానగరము మాత్రము తక్కువదా? అందలి స్నానముల నీరు, పాత్రలు కడిగిన నీరు, కర్మాగారముల నీరు మూసీలో పడి, వాడపల్లి వద్ద కృష్ణలో కలసి, మన ముందునుండియే పోవుచున్నది. పట్టణమున కుళాయి విప్పు గృహిణికి తన దిగువ ఒక చేనున్నదని తోచదు. అయినను ఉన్నది.

కావున ఎగువవాడు, దిగువవాడు అనునవి రెండు జాతులు కావు. నీటి త్రోవలో నిలిచిన ప్రతి మనుష్యుడును ఏకకాలమున ఒకనికి దిగువవాడు, మఱియొకనికి ఎగువవాడు. దిగువవాడుగా మనకు ధర్మము చక్కగా తెలియును. ఎగువవాడుగా అది మఱపునకు వచ్చును. ఎవని ఫిర్యాదు వాడు కంఠస్థము చేసియున్నాడు. ఎవని బాకీ వాడు మఱచియున్నాడు. నా అభిప్రాయమున నీటిని గుఱించిన నీతియంతయు ఈ రెండవ దానిని జ్ఞప్తికి తెచ్చుకొనుటలోనే యున్నది.

ఇంతవఱకు నీటి కొఱతను గుఱించి మాత్రమే చెప్పితిని. నీరు తెచ్చు ఉప్పు ఇంకొకటి కలదు. ఇది శాస్త్రవిషయమైనను వంటయింటిలో ఎల్లవారికిని తెలిసినదే. పులుసు పొయ్యిమీద మరగిన కొలది ఉప్పగును. ఎవరును క్రొత్తగా ఉప్పు వేయలేదు. నీరు ఆవిరియై పోయినది, ఉప్పు నిలిచినది. చేను కూడ అట్టి పాత్రయే. ఎంత తియ్యని నీటిలోనైనను కొంత ఉప్పు కరగియుండును. పైరు నీటిని త్రాగును, ఎండ నీటిని పీల్చును. ఉప్పును ఇద్దఱును ముట్టరు.

లెక్క వేసి చూతము. ఎకరము భూమిలో ఒక అడుగు లోతున నీరు పెట్టినచో అది 12 లక్షల 33 వేల లీటర్లగును. ఆ నీటిలో లీటరునకు అర గ్రాము ఉప్పు మాత్రమే యున్నదనుకొందము. నాలుకకు తెలియని ఉప్పు అది. అయినను ఆ యొక్క తడులతో ఎకరమున చేరునది 600 కిలోలకు మించును. 50 కిలోల బస్తాలు పండ్రెండు. వరికి నాలుగడుగుల నీరు పట్టినచో ఒక్క పంటకు ఇంచుమించు యాబది బస్తాలు. ఎవడైనను చేనిలో యాబది బస్తాల ఉప్పు దిమ్మరించినచో ఊరంతయు వానిని పిచ్చివాడనును. కాలువ ఆ పనినే మెల్లగా చేయుచుండగా ఎవరును గమనింపరు. ఆ ఉప్పు చేని నుండి వెడలుటకు త్రోవ యున్నచో భయము లేదు. త్రోవ లేనిచో చౌడు తప్పదు.

త్రోవ మూయువాడెవడు? అమితముగా నీరు పెట్టువాడే. మితిమీఱిన నీరు భూమిలోనికి ఇంకి లోపలి జలమట్టమును పైకి లేపును. అది నేలమట్టమునకు రెండు గజముల లోపునకు వచ్చెనా, దీపపు వత్తి నూనెను పీల్చినట్లు మట్టి ఆ నీటిని పైకి పీల్చును. నీరు ఎండకు పోవును. ఉప్పు తెల్లని పొరయై పైన తేలును. దీనినే రైతులు పాలచౌడు అందురు. ఉప్పులలో సోడియము బలిసి, మట్టి కట్టువిడి, తడిసిన బురదయు ఎండిన ఱాయియు అగునట్టి మఱియొక చౌడు కలదు, అది కారుచౌడు. మొదటిది మంచి నీటితో కడిగి మురుగు తీసినచో పోవును. రెండవదానికి జిప్సము చల్లవలెను, జీలుగ వంటి పచ్చిరొట్ట దున్నవలెను, ఆ మీదట కడుగవలెను. ఖర్చు అధికము, కాలము అధికము. మన నల్లరేగడి సహజముగనే నీటిని తొందరగా విడువని నేల. తడిసిన ఉబ్బి రంధ్రములను మూసికొనును. కావున దీనికి మురుగు త్రోవ అన్ని నేలలకంటె ఎక్కువ అవసరము.

ఇందులో నీతికి సంబంధించిన సంగతి ఏమన, అమితముగా నీరు పెట్టినవాని చేనే మొదట చెడవలెనను నియమము లేదు. మెఱకవాని చేనినుండి ఊఱిన నీరు పల్లపువాని చేనిలో పైకి వచ్చును. భోగము ఒకనిది, రోగము ఒకనిది. ఒకవేళ పొరుగువాడు తప్పించుకొన్నను, కాలము తప్పించుకొననీయదు. నేడు తండ్రి పెట్టిన నీటి ఉప్పు ఇరువది ముప్పది సంవత్సరములకు కొడుకు చేనిలో తేలును. స్థలమున దిగువవాడున్నట్లే కాలమునను దిగువవాడున్నాడు. వాడు ఇంకను పుట్టలేదు; కాలువ సభకు వచ్చి మొఱ పెట్టుకొనజాలడు.

ఇది క్రొత్త కథ కాదు. ప్రాచీన సుమేరు దేశమున, టైగ్రిస్ యూఫ్రటీసు నదుల నడుమ, గోధుమయు యవలును ఒకప్పుడు ఇంచుమించు సమముగా పండెడివనియు, క్రీస్తుపూర్వము 1700 నాటికి దక్షిణభాగమున గోధుమ పంటయే ఇంచుమించు లేకపోయెననియు, దీనికి ఉప్పే ముఖ్యకారణమనియు జాకబ్సన్, ఆడమ్స్ అను పండితులు 1958లో వ్రాసిరి. యవలు ఉప్పును గోధుమకంటె ఎక్కువ ఓర్చును. ఉప్పు ఒక్కటే కారణము కాదని తరువాతి పండితులు కొందఱు వాదించిరి గాని, కాలువ వచ్చిన చోట చౌడు వెంటాడునను సంగతిని ఎవరును కాదనలేదు. మన దేశమున నేడు ఉప్పుచేత చెడిన భూమి సుమారు 67 లక్షల హెక్టార్లని లెక్క.

అంత దూరము పోనేల? నాగార్జునసాగరపు కుడి కాలువ క్రింద కొణంకి అను గ్రామమున, నీరు విడిచిన నలువది ఏండ్ల లోపుననే పొలము ఉప్పుతేలి నీరు నిలిచి చెడినది. అచ్చటను, కృష్ణా పశ్చిమ డెల్టాలోని ఉప్పుగుండూరునను ఆచార్య రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయమువారు డచ్చివారి సహాయముతో నేలలోపల రంధ్రములు గల గొట్టములు పాతి, మురుగు నీటిని బయటికి తీయు ఏర్పాటు చేసిరి. చౌడు తగ్గినది, వరి దిగుబడి పెరిగినది. చెడిన నేల తిరిగి బాగుపడునని దీనివలన ధైర్యము చెప్పుకొనవచ్చును. అయితే ఆ గొట్టములు ఒక్క రైతు తన చేనిలో పాతుకొన్న లాభము లేదు. నాలుగు చేలవారు కలియవలెను. అందఱి మురుగును తీసికొనుటకు దిగువ ఒక కాలువ తెఱచియుండవలెను. అనగా ఔషధముకూడ పొరుగువారితో కలసి పుచ్చుకొనవలసినదే.

మన పూర్వులు ఈ సంగతిని ఎఱుగరా? కడప సీమలోని పోరుమామిళ్ల చెఱువు శాసనము 1369వ సంవత్సరపుది, విజయనగరపు బుక్కరాయల కుమారుడు భాస్కరుడు వేయించినది, సంస్కృత భాషలోనిది. చెఱువునకు కావలసిన అంగములు పండ్రెండనియు, తగులకూడని దోషములు ఆఱనియు అందు చెప్పబడినది. ఆ దోషములలో చవిటి నేల ఒకటి; రెండు రాజ్యముల పొలిమేరనుండుట ఒకటి; నీరు స్వల్పమై భూమి విస్తారమగుట ఒకటి; భూమి స్వల్పమై నీరు అధికమగుట ఒకటి. ఈ నాలుగింటిని చదివినపుడు ఆఱువందల యేబది యేండ్ల నాటి స్థపతి మన ఎడమ కాలువను చూచి వ్రాసెనా యని ఆశ్చర్యము కలుగును. అందులోను కడపటి దోషమును గమనింపుడు. నీటి కొఱత దోషమని ఎవడైనను చెప్పును. నీటి అధికముకూడ దోషమేయని చెప్పుట వివేకులకే సాధ్యము.

నేరమను విషయమున కౌటిల్యుని అర్థశాస్త్రమును ఒకమాఱు చూడవలెను. తన వంతు కాని వేళ కట్టనుండి నీరు విడుచుకొన్నవానికి ఆఱు పణముల దండన విధించి, ఇతరుల వంతున వారి నీటిని ఏమఱుపాటుచేత అడ్డగించినవానికిని ఆ దండనయే యని ఆయన నిర్ణయించెను. దొంగయు, ఏమఱినవాడును ఒక్క గాటనే కట్టబడిరి. ఇది మొదట అన్యాయముగా తోచును. ఆలోచించిన కొలది న్యాయముగా తోచును. ఎండిపోవు పైరునకు ఎగువవాని మనస్సులోని ఉద్దేశముతో పని లేదు. నేను చెడ్డతలంపుతో చేయలేదనుట మనకు ఊరట. దిగువవానికి పంట కాదు. తన చేని దిగువ గట్టు ఆవల ఏమున్నదో చూచుటకు అవకాశముండియు చూడనివాని అజ్ఞానము, అజ్ఞానము కాదు. అది ఒక విధమైన ఎన్నిక. మొదట ప్రశ్నించిన పెద్దమనిషికి ఇదియే సమాధానము. అయ్యా, నీరు నీ వంతున వచ్చినమాట నిజమే. వంతు నీకు వాడుకొను హక్కు నిచ్చినది. పాడుచేయు హక్కు నీయలేదు. నీవు కట్టిన తీరువ నీటికేగాని పొరుగువాని నేలకు వెల కాదు.

ఇక ఆక్షేపణలకు వత్తము. అట్లయిన నీరు ఎంత తక్కువ పెట్టిన అంత ధర్మమా? కాదు. ఇచ్చట తొందరపాటు పనికిరాదు. చౌడు తగిలిన నేలను కడుగుటకు మంచి నీరే కావలెను. పైరు త్రాగు దానికంటె కొంచెమెక్కువ పెట్టి, ఆ ఎక్కువతో ఉప్పును దిగువకు దింపి బయటికి పంపవలెను. పిసినారితనము నేలకు మందు కాదు. మితియు, మురుగు త్రోవయు, రెండును కూడినప్పుడే మేలు. చౌడు లేని నేలలో వరికి నిత్యము నీరు నిలిపియుంచ నక్కఱలేదని శాస్త్రజ్ఞులు నిరూపించిరి. మడిలో రంధ్రముల గొట్టమొకటి పాతి, నీరు నేలకు అరయడుగు క్రిందికి దిగిన పిమ్మటనే మరల పెట్టి, పూతకాలమున మాత్రము నీరు నిలిపినచో, దిగుబడి తగ్గకుండ నూటికి ముప్పది వంతుల వఱకు నీరు మిగులును. కిలో వడ్లు పండుటకు సగటున 2,500 లీటర్ల నీరు పట్టుచున్న కాలమున ఇది స్వల్పమైన మిగులు కాదు. ఆరుతడి పైర్లకు, తోటలకు బిందుసేద్యమున్నది; అయితే బావి నీరు ఉప్పనైన చోట బిందువులు తెచ్చిన ఉప్పు మొక్క చుట్టును వలయమై నిలుచును గాన, అచ్చటను వాననీటితోనో కాలువనీటితోనో కడుగక తప్పదు.

మురుగు త్రోవ అనగానే మనవారికి చిన్నచూపు. నీరు తెచ్చినవారికి విగ్రహములు వెలసినవి, అది తగినదే. మురుగు తీసినవానికి ఏ ఊరిలోనైనను విగ్రహమున్నదా? పంటకాలువకు పసుపు కుంకుమలతో పూజ చేయుదురు; మురుగు కాలువలో గుఱ్ఱపుడెక్కయు తూటికాడయు పెరుగును. ఇరుప్రక్కలవారును ఏటేట ఒక సాలు లోపలికి దున్ని దానిని ఇఱుకు చేయుదురు. పుచ్చుకొనుట గౌరవము, విడుచుట నీచము అను భావము మన సంఘమున లోతుగా పాతుకొన్నది. ఇంటిలోనికి వచ్చు వస్తువును లెక్కించి, ఇంటినుండి వీధిలోనికి పాఱవైచు చెత్తను లెక్కింపని అలవాటే చేని వద్దను కనబడుచున్నది. నిజమునకు శరీరమున రక్తమును తెచ్చు నాళమెంత ముఖ్యమో, కొనిపోవు నాళమును అంత ముఖ్యము.

రెండవ ఆక్షేపణ ఇంకను బలమైనది. రైతు అమితముగా నీరు పెట్టుట దురాశచేత కాదు, భయముచేత. మరల కాలువ ఎప్పుడు వచ్చునో తెలియదు. కావున వచ్చినపుడు గొంతుదాక నింపును. రేపు దొరకునను నమ్మకము లేనివానికి నేడు మితము బోధించుట, ఆకలిగొన్నవానికి ఉపవాసమహిమ చెప్పుట వంటిది. ఈ మాటను నేను పూర్తిగా అంగీకరించుచున్నాను. చివరివానికి నీరు ఫలానా దినమున తప్పక వచ్చునను నమ్మకము కలిగింపక, వానికి పొదుపు నేర్పబూనుట అధర్మము. న్యాయము ముందు, పొదుపు తరువాత. కాని ఈ ఆక్షేపణ చివరివానిని కాపాడును. తూమువద్ద నున్నవానిని కాపాడదు. వానికి ఏ భయమున్నది?

న్యాయమును ఏర్పఱచుటకు ప్రభుత్వము ప్రయత్నింపలేదని అనరాదు. 1997లో రైతులే సాగునీటిని నిర్వహించుకొనవలెనని చట్టము చేసి, నీటివినియోగదారుల సంఘములను ఎన్నికలతో నెలకొల్పిరి. ఇతర రాష్ట్రములు దానిని చూచి అనుసరించినవి. అయితే చట్టము సభ నీయగలదు గాని సభ్యత నీయజాలదు. సంఘాధ్యక్షుడు కాలువ మరమ్మతుల గుత్తను గుఱించి ఆలోచించునంతగా, చివరి మడికి నీరు చేరినదా యని ఆలోచింపనిచో, లస్కరు ఒక్కడు ఏమి చేయగలడు?

చట్టము కంటె మెలకువ ఎక్కువ పని చేయునని చూపిన నిదర్శనమొకటి కలదు. అనంతపురము, మహబూబునగరము, ప్రకాశము మొదలగు ఏడు కఱవు జిల్లాలలో, ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ అండతో, రైతులు తామే వానను కొలిచిరి. బావులలో నీటిమట్టమును కొలిచిరి. దాళ్వాకు ముందు ఒకచోట కూడి, భూమిలో ఎంత నీరున్నది, తాము వేయదలచిన పైర్లకెంత పట్టును అని గోడమీద లెక్క వ్రాసికొనిరి. ఏ పైరు వేయవలెనని ఎవరిని ఎవరును శాసింపలేదు. అయినను లెక్క అందఱి కండ్ల ఎదుట నుండుటచేత పలువురు వరి తగ్గించి ఆరుతడి పైర్లు వేసిరి. తన దిగువ పొరుగువానిని కన్నులార చూచినవాడు తనంతట తానే కొంత తగ్గును. మనుష్యస్వభావమును గుఱించి ఇంతకంటె మంచివార్త నాకు తెలియదు.

మూడవ ఆక్షేపణ సర్వసాధారణము. నేనొక్కడను తగ్గించిన ఫలమేమి? నేను మిగిల్చినది ప్రక్కవాడు పెట్టుకొనును. నిజమే, కొన్నిచోట్ల అట్లే జరుగును. అయితే ఈ వాదము ఎల్లరి నోట ఒక్కటే గనుక, ఎల్లరును ఒకరినొకరు నెపముగా చూపుచు, కలసి చౌడులోనికి నడచుచున్నారు. మొదటి వాడొకడు లేనిదే రెండవవాడుండడు. మితముగా నీరు పెట్టి, తన చేని ప్రక్క మురుగు కాలువను తెఱచి, పంట నష్టపోకుండ చూపినవాడు ఊరిలో ఒక్కడున్నచో, మఱునాడు వాని గట్టుమీద నలుగురు నిలుతురు. రైతు ఉపన్యాసమును నమ్మడు. పొరుగు చేనిని నమ్మును.

ఇంతవఱకు చదివిన గృహస్థులు, ఇదియంతయు రైతులకు చెప్పవలసినది గాని మాకేల యని యనుకొందురేమో. ఈ వ్యాసము ముఖ్యముగా వారికొఱకే. మన మధ్యతరగతి కుటుంబములలో అనేకులకు ఊరిలో నాలుగైదెకరములున్నవి. యజమాని విజయవాడలోనో, హైదరాబాదులోనో, సముద్రముల కావలనో ఉద్యోగము చేయుచున్నాడు. చేను కౌలునకిచ్చెను. సంవత్సరమునకొకమాఱు కౌలు సొమ్ము వచ్చును. చేనిని గుఱించి వాని జ్ఞానము అంతటితో సరి. కౌలురైతునకు ఆ చేను ఒక్క ఏటి చుట్టము. 2019లో వచ్చిన పంటసాగుదారుల హక్కుల చట్టముకూడ పదునొకండు నెలల ఒప్పందమునే యేర్పఱచినది. అందుకును యజమాని సంతకము కావలెను. ఆ సంతకము చేయుటకు వెనుదీయు యజమానులెందఱో. పదునొకండు నెలలకు వచ్చినవాడు, పది సంవత్సరములకు ఫలమిచ్చు మురుగు కాలువను ఏల త్రవ్వును? జిప్సమేల కొని చల్లును? తన బిడ్డలకు దక్కని నేలకు జీలుగ ఏల దున్నును? వాడు దక్కినంత నీరు పెట్టి, వచ్చినంత పంట తీసికొని, కౌలు చెల్లించి పోవును. వానిని తప్పుపట్టుటకు నాకు నోరాడదు. తప్పు కౌలు సొమ్ము మాత్రము లెక్కించుకొని, చేని ఉప్పును లెక్కింపని వానిది.

కావున చదువుకొన్న భూస్వామికి మూడు పనులు ధర్మములుగా కనబడుచున్నవి. మొదటిది, సమర్థుడైన కౌలుదారునకు అయిదాఱు సంవత్సరముల కాలమును మాటతో కాక వ్రాతతో నిచ్చుట. రెండవది, మురుగు కాలువ త్రవ్వకమునకును చౌడు బాగుచేయుటకును అగు వ్యయమును తానే భరించుట. నేల తనది గదా. మూడవది, ఏటేట మట్టిని పరీక్షింపించి ఆ ఫలితమును కౌలు లెక్కల ప్రక్కనే వ్రాసియుంచుట. ఇంటి లెక్కలు వ్రాయు స్త్రీలు ఈ మూడవ పనిని సులభముగా నిర్వహింపగలరు; మగవారికంటె శ్రద్ధగా నిర్వహింతురనియు నా నమ్మకము. పిల్లలకు భూమిని పంచునపుడు ఎకరములు మాత్రమే పంచుచున్నాము. అందులో ఎంత ఉప్పున్నదో కూడ పంచుచున్నామని తెలిసినచో మన పంపకములు వేఱు విధముగా నుండును.

దానము, దయ మొదలగు సద్గుణములన్నియు ఎదుటనున్నవానిని చూచి పుట్టునవి. భిక్షువు గుమ్మములో నిలుచును, మనస్సు కరుగును. నీటి విషయమున బాధపడువాడు గుమ్మములో నిలువడు. వాడు మలుపునకు ఆవల నున్నాడు, లేదా ముప్పది యేండ్లకు ఆవల నున్నాడు. వానియెడల చూపవలసినది దయ కాదు, లెక్క. కంటికి కనబడని వానికి బాకీ తీర్చువాడే నిజమైన ఋణభీతి గలవాడు.

తూము దగ్గఱ నిలుచుటకు ఎవరికిని ఉపదేశ మక్కఱలేదు. నీరు వచ్చు వేళకు అందఱును అక్కడనే యుందురు. చేని దిగువ గట్టుకు పోయి, మన నీరు ఎవని చేనిలోనికి ఏమి మోసికొని పోవుచున్నదో చూచువారు అరుదు. ఈ దాళ్వాలో ప్రతి యజమానియు, ప్రతి కౌలుదారుడును ఒక్కొక్కమాఱు ఆ గట్టుమీద నిలిచి, ఆవలి చేనివానితో ఒక్క మాట మాటాడినచో, చట్టములు చేయలేని పని కొంత జరుగును.